అబద్ధం చెప్పని రెసిస్టర్



మీ ఊరి హైస్కూల్లో పదో తరగతి పిల్లల భౌతికశాస్త్రం రికార్డులు ఓ నాలుగు తీసుకుని, ఓమ్ నియమం ప్రయోగం దగ్గర తెరిచి చూడండి. ఒక గడిలో వోల్టేజి, పక్క గడిలో కరెంటు, మూడో గడిలో మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చిన విలువ. చాలా రికార్డుల్లో ఆ మూడో గడిలో పైనుంచి కిందిదాకా ఒకటే అంకె ఉంటుంది. గ్రాఫులో చుక్కలన్నీ గీత మీదే కూర్చుని ఉంటాయి, ఒక్కటి కూడా అటూ ఇటూ జరగదు. బడిలో ఉండే మీటర్లతో, సగం అయిపోయిన సెల్లులతో, చేత్తో మెలిపెట్టిన తీగలతో అంత శుభ్రమైన లెక్క రావడం కష్టం. మరి ఎలా వచ్చింది? పిల్లవాడికి వచ్చిన రీడింగు వేరు. అది పుస్తకంలో చెప్పినదానితో కలవలేదు. రబ్బరు తీసుకుని చెరిపేశాడు, కలిసే అంకె వేశాడు. సంతకం పడింది, మార్కులూ పడ్డాయి.

ఆ పిల్లవాణ్ణి తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. చాలాసార్లు మనం వాడి చేతికిచ్చిన వస్తువే ప్రయోగం మధ్యలో మారిపోయి ఉంటుంది. వేడెక్కి విలువ జారిపోయిన రెసిస్టర్, కాలు వదులై లోపల ఊగుతున్న రెసిస్టర్, రంగులు మాసిపోయి వందో వెయ్యో పోల్చుకోలేని రెసిస్టర్. పూర్తిగా చెడిపోయిన వస్తువు నయం, పనిచేయదని వెంటనే తెలిసిపోతుంది. సగం చెడినది పనిచేస్తున్నట్టే ఉండి తప్పు లెక్క ఇస్తుంది. అప్పుడు పిల్లవాడు వస్తువును అనుమానించడు, తన చేతిని, తన తెలివిని అనుమానించుకుంటాడు. బడికి రెసిస్టర్లు కొనేటప్పుడు ఎక్కువకాలం మన్నేవి, తమ విలువను నిలబెట్టుకునేవి చూసి కొనమని నేను పట్టుబట్టేది డబ్బు మిగలడం కోసం కాదు. ఆ మూడో గడిలో పిల్లలు తమకు వచ్చిన అంకెనే రాయగలగాలి. నా బాధంతా దాని గురించే.

ఈ నియమానికి పేరుగా నిలిచిన గియోర్గ్ సైమన్ ఓమ్ కూడా బడిపంతులే. జర్మనీలోని కొలోన్ నగరంలో ఒక ఉన్నత పాఠశాలలో లెక్కలూ భౌతికశాస్త్రమూ చెప్పేవాడు. తండ్రి తాళాలు చేసే పనివాడు. బడి ప్రయోగశాలలో ఉన్న సామగ్రినే ఆసరా చేసుకుని ఓమ్ తీగల్లో కరెంటు సంగతి కొలవడం మొదలుపెట్టాడు. తీగ పొడవు పెరిగేకొద్దీ కరెంటు ప్రభావం ఎలా తగ్గుతుందో చెబుతూ 1825లో ఒక సూత్రం ప్రకటించాడు. అది లాగరిథమ్‌తో కూడిన సూత్రం, ఇవాళ మనం బడిలో చెప్పుకునేది కాదు. అలా రావడానికి కారణం ఆయన వాడిన వోల్టా ఘటాలు. వాటి వోల్టేజి నిలకడగా ఉండదు, కరెంటు లాగుతున్నకొద్దీ పడిపోతూ వస్తుంది. కొలిచేవాడు ఎంత జాగ్రత్తపరుడైనా, కొలతకు మూలమైన వస్తువే కదులుతూ ఉంటే లెక్క ఎలా కుదురుతుంది?

అప్పుడు పోగెండార్ఫ్ అనే శాస్త్రవేత్త ఒక సలహా ఇచ్చాడు. ఆ ఘటాలు పక్కనపెట్టి థర్మోకపుల్ వాడి చూడమన్నాడు. బిస్మత్, రాగి కలిపి చేసిన జంట అది. ఒక అతుకును మరిగే నీళ్లలో, రెండో అతుకును మంచులో ఉంచితే చాలా చిన్నదే అయినా కదలని వోల్టేజి వస్తుంది. నీళ్లు మరుగుతున్నంతసేపూ, మంచు కరుగుతున్నంతసేపూ అది మారదు. ఆ నిలకడ దొరికాక 1826లో సరైన సంబంధం బయటపడింది. 1827లో పుస్తకంగా వచ్చింది. సొంత దేశంలో చాలాకాలం సరైన ఆదరణ దొరకలేదు కానీ, 1841లో లండన్ రాయల్ సొసైటీ కోప్లే పతకం ఇచ్చి గౌరవించింది. ఓమ్ చేసిన పని చూడండి. అంకెల్ని చెరిపి సరిచేయలేదు, సామగ్రిని మార్చాడు. అదే అవకాశం మన పిల్లలకు ఇవ్వడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

ఇక మన బడుల సంగతికొద్దాం. ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలో ఈ ప్రయోగానికి అర మీటరు నైక్రోమ్ తీగ, ఒకటిన్నర వోల్టుల సెల్లులు నాలుగు వాడమని ఉంది. నైక్రోమ్ మంచి పదార్థమే, నికెలు క్రోమియంల మిశ్రమం, వేడెక్కినా దాని నిరోధం పెద్దగా మారదు. కానీ దుకాణంలో ఏ మందం తీగ దొరికిందన్నది ముఖ్యం. అర మిల్లీమీటరు మందం తీగ దొరికిందనుకోండి, అర మీటరుకు మూడు ఓంలు కూడా ఉండదు. నాలుగు సెల్లులు కలిపి ఆరు వోల్టులు పెడితే లెక్క ప్రకారం రెండు ఆంపియర్లు పారాలి. మామూలు డ్రై సెల్లు అంత కరెంటు ఇవ్వలేదు. ఇవ్వబోయి తానే నీరసించిపోతుంది, వోల్టేజి పడిపోతుంది, తీగ కాలుతుంది. ఓమ్‌కు 1825లో ఎదురైన ఇబ్బందే మన పిల్లలకూ ఎదురవుతుంది. ఇనుప చువ్వతో చేయించే పద్ధతి ఇంకా కష్టం. పది సెంటీమీటర్ల పొడవు, రెండు మిల్లీమీటర్ల మందం ఉన్న ఇనుప చువ్వ నిరోధం ఓంలో వెయ్యో వంతులు ఏ మూడో నాలుగో ఉంటుంది. దానికి తగిలించిన క్లిప్పుల అతుకు దగ్గరే అంతకంటే ఎక్కువ ఉంటుంది. అక్కడ పిల్లలు చువ్వను కొలుస్తున్నామనుకుంటారు గానీ, నిజానికి క్లిప్పులనూ సెల్లులనూ కొలుస్తున్నారు.

అందుకని ఈ ప్రయోగానికి నా ఓటు వంద ఓంల రెసిస్టర్‌కే. ఆరు వోల్టులకు 60 మిల్లీఆంపియర్లు పారుతుంది. సెల్లులకు అది బరువు కాదు. మామూలు మల్టీమీటరులో 200 మిల్లీఆంపియర్ల స్థానంలో చక్కగా చదవొచ్చు. ఒక్కో సెల్లు కలుపుతూ పోతే 15, 30, 45, 60 అని మెట్లు మెట్లుగా పెరగడం పిల్లల కళ్లకే కనిపిస్తుంది. సరిగ్గా అవే అంకెలు రావు, ఆ దగ్గర్లో వస్తాయి. ఎందుకు రావో చివర చెబుతాను.

వంద ఓంలు అని దుకాణంలో అడిగితే కొట్టువాడు మారు మాట్లాడకుండా పావు వాటు రెసిస్టర్ల కట్ట తీసి ఇస్తాడు. ఎక్కువగా అమ్ముడుపోయేవి అవే. ఇక్కడే ఆగాలి. ఆరు వోల్టులు, 60 మిల్లీఆంపియర్లు గుణిస్తే 0.36 వాటు. పావు వాటు అంటే 0.25. మొదటి రోజే దాని శక్తికి మించిన పని అప్పగించినట్టు. తొమ్మిది వోల్టుల బ్యాటరీ పెడితే 0.81 వాటు, మూడింతలు దాటిపోయింది. అది వెంటనే పేలిపోదు. వాసన వస్తుంది, రంగు గోధుమ నుంచి నలుపుకు తిరుగుతుంది, వేలు పెడితే చురుక్కుమంటుంది. చల్లారాక మళ్లీ పనిచేస్తున్నట్టే ఉంటుంది. కానీ లోపలి పొర దెబ్బతింది, విలువ జారింది. మరుసటి ఏడాది ఇంకో పిల్ల చేతికి అదే వెళుతుంది.

రెసిస్టర్ మీద రాసే వాటేజ్ అంటే అది తట్టుకోగల చివరి హద్దు. దాని దగ్గరదాకా వెళ్లి పనిచేయించడం ఫ్యాక్టరీ ఇంజనీరు లెక్క కావచ్చు, బడికి అది పనికిరాదు. పిల్లలు ఒక సెల్లు ఎక్కువ పెడతారు, ఆపేయడం మరిచిపోతారు, పక్క జట్టువాళ్ల బ్యాటరీ తెచ్చి కలుపుతారు. వాళ్లు అలా చేయాలి కూడా, చేయకపోతే నేర్చుకునేదేముంది? కాబట్టి లెక్కలో వచ్చిన వాటేజికి రెట్టింపు కాదు, మూడు నాలుగు రెట్లు చూసుకోండి. వంద ఓంలకైతే ఒక వాటు, వీలైతే రెండు వాట్లు. నలభై ఏడు ఓంలకు ఆరు వోల్టుల దగ్గరే ముప్పాతిక వాటు దాటుతుంది, దానికి రెండు వాట్లకు తక్కువ తీసుకోవద్దు. పెద్ద రెసిస్టర్ పైభాగం విశాలంగా ఉంటుంది కనుక, పళ్లెంలో పరిచిన పాయసం త్వరగా చల్లారినట్టు, అదే వేడిని సులువుగా గాలికి వదిలేస్తుంది. వేలికి చురుకు తగలదు, విలువా కదలదు. రెంటచింతల, రామగుండం ఎండలు దానికి ఒక లెక్క కాదు. ఈ వాటేజ్ హద్దును మామూలుగా చుట్టూ గాలి 70 డిగ్రీల వేడి ఉన్నా తట్టుకునేలాగే నిర్ణయిస్తారు. రెసిస్టర్‌ను మూతపెట్టిన ప్లాస్టిక్ డబ్బాలో బిగిస్తేనే చిక్కు, ఆ డబ్బాలో గాలికి బయటికి దారి ఉండదు.

తరవాత చూడాల్సింది లోపలి పొర. బజారులో దొరికే చిన్న రెసిస్టర్లలో ఎక్కువ భాగం రెండు రకాలు. లేత గోధుమరంగు ఒంటితో నాలుగు రంగు గీతలున్నవి సాధారణంగా కార్బన్ ఫిల్మ్. నీలిరంగు ఒంటితో ఐదు గీతలున్నవి మెటల్ ఫిల్మ్. రెండింట్లోనూ మధ్యలో పింగాణీ కడ్డీ, దానిమీద పలచటి పొర ఉంటాయి. కార్బన్ ఫిల్మ్ మామూలుగా అయిదు శాతం తేడాతో వస్తుంది. వంద అని రాసి ఉంటే 95 నుంచి 105 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. పైగా వేడెక్కితే దాని నిరోధం కొంచెం తగ్గుతుంది. మెటల్ ఫిల్మ్ ఒక శాతం తేడాతో దొరుకుతుంది, వేడికి దాని విలువ మారేది చాలా స్వల్పం. వంద ఓంల మెటల్ ఫిల్మ్ యాభై డిగ్రీలు వేడెక్కినా మారేది అర ఓము, అంతకన్నా తక్కువే. ధరలో తేడా బడి బడ్జెట్టులో కనిపించేంత ఉండదు. కొలత పాఠాలకు మెటల్ ఫిల్మే తీసుకోండి. ఎల్‌ఈడీ వెలిగించే సరదా సర్క్యూట్లకు కార్బన్ ఫిల్మ్ సరిపోతుంది, అక్కడ అయిదు శాతం ఎవరికీ పట్టదు.

ఆరువందల రెసిస్టర్లు, ముప్పై రకాల విలువలు, ఒకే డబ్బాలో అని అమ్మే సెట్లుంటాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, ధర కూడా తక్కువే. బడికి అవి కొనవద్దని గట్టిగా చెబుతాను. వాటిలో మీకు కావలసిన వంద ఓంలవి ఇరవై ఉంటాయి, మొదటి టర్ములోనే అయిపోతాయి. మిగతా అయిదువందల ఎనభై ఏళ్ల తరబడి డబ్బాలో దొర్లుతూ, ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, ఎవరికీ అక్కర్లేని కుప్పగా మారతాయి. అన్నీ పావు వాటువే, చాలావాటికి కాళ్లు సన్నం. తరగతికి నలభై మంది, నలుగురికి ఒక జట్టు అనుకుంటే పది జట్లు. ఒక్కో జట్టుకు ఒకే విలువవి మూడు, అంటే వంద ఓంలవి మూడు ఇస్తే శ్రేణిలో మూడు వందలు, సమాంతరంగా కలిపితే ముప్పై మూడు పైచిలుకు, రెండు సమాంతరంగా పెట్టి ఒకటి శ్రేణిలో కలిపితే నూట యాభై. మూడే మూడు వస్తువులతో ఒక అధ్యాయమంతా నడుస్తుంది. వాటికి తోడు 220, 470, వెయ్యి ఓంలవి ఒక్కొక్కటి ఇవ్వండి. విడిగా మరో పది వందఓంలవి బీరువాలో పెట్టుకోండి. అంతే, డెబ్బై రెసిస్టర్లు. విలువలు తక్కువ, సంఖ్య ఎక్కువ, కాళ్లు లావు. పెద్ద వాటేజ్ మెటల్ ఫిల్మ్ అయినా ఒక్కోటి కొద్ది రూపాయలే.

రంగుల గీతల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. నలుపు సున్నా, గోధుమ ఒకటి, ఎరుపు రెండు, నారింజ మూడు అంటూ తెలుపు తొమ్మిది దాకా పిల్లలు గడగడా అప్పజెబుతారు. నాలుగు గీతల రకంలో చివర బంగారు గీత ఉంటుంది కనుక ఏ వైపునుంచి చదవాలో తెలుస్తుంది. అయిదు గీతల రకంలో ఆ సౌకర్యం లేదు. ఒక శాతం తేడాకు గుర్తు గోధుమరంగు, ఒకటి అంకెకూ గుర్తు గోధుమరంగే. వంద ఓంల మెటల్ ఫిల్మ్ మీద గోధుమ, నలుపు, నలుపు, నలుపు, గోధుమ ఉంటాయి, ఎటునుంచి చదివినా వందే, బాధ లేదు. వెయ్యి ఓంల దానిమీద గోధుమ, నలుపు, నలుపు, గోధుమ, గోధుమ. దాన్ని తిరగేసి పట్టుకుని చదివితే గోధుమ, గోధుమ, నలుపు, నలుపు, గోధుమ, అంటే నూట పది ఓంలు. నూట పది ఓంల రెసిస్టర్ నిజంగానే బజారులో ఉంది! పిల్లవాడు చదివింది నియమం ప్రకారం సరైనదే, జవాబు మాత్రం తొమ్మిది రెట్లు తప్పు. పైగా నీలిరంగు ఒంటిమీద గోధుమకూ ఎరుపుకూ నారింజకూ తేడా ట్యూబ్‌లైటు వెలుగులో పెద్దవాళ్లకే తెలియదు. ఎరుపు, ఆకుపచ్చ మధ్య తేడా సరిగా కనిపించని పిల్లలు, ముఖ్యంగా మగపిల్లల్లో, ఒకరో ఇద్దరో మీ తరగతిలోనే ఉండొచ్చు. వాళ్లలో కొందరికి ఆ సంగతి తమకే తెలిసి ఉండదు. రంగు పోల్చుకోలేకపోయినందుకు ఒక పిల్లవాడు సైన్సు తనకు రాదనుకుంటే ఎంత అన్యాయం! రంగుల సంకేతం నేర్పండి, దానికోసం గోధుమరంగు ఒంటివి విడిగా పెట్టుకోండి. కొలత పాఠంలో మాత్రం రెసిస్టర్ పక్కన విలువను అంకెల్లో పెద్దగా రాసి ఉంచండి.

ఇక కాళ్లు. బడిలో రెసిస్టర్ చచ్చిపోయేది ఎక్కువగా కరెంటువల్ల కాదు, కాళ్లు విరగడంవల్ల. ప్రతి జట్టూ వంచుతుంది, మళ్లీ తిన్నగా చేస్తుంది, ఇంకోలా వంచుతుంది. ఒంటిని ఆనుకున్న చోటే వంచితే కాలికీ ఒంటికీ మధ్యనున్న లోహపు టోపీ వదులవుతుంది, అప్పుడు కదిపితే ఒక రీడింగు, వదిలితే ఒక రీడింగు. నోస్ ప్లయర్‌తో ఒంటికి రెండు మూడు మిల్లీమీటర్ల అవతల పట్టుకుని, ఆ అవతలి భాగాన్ని వంచమని నేర్పండి. కొనేటప్పుడు కాలి మందం చూడండి. మంచి పావు వాటు రెసిస్టర్ కాలు అర మిల్లీమీటరుకు పైనే ఉంటుంది. అంతకంటే బాగా సన్నగా, వెంట్రుకలా ఉంటే బ్రెడ్‌బోర్డులో నిలవదు, మెలితిరిగిపోతుంది. ఒక చిన్న అయస్కాంతం వెంట తీసుకెళ్లి కాలి చివర తాకించి చూడండి. అతుక్కుంటే లోపల ఉక్కు తీగ, పైన రాగి పూత. ఒంటి దగ్గర మాత్రం పరీక్ష చేయకండి, అక్కడి టోపీలు మంచి రెసిస్టర్లలో కూడా ఉక్కువే ఉంటాయి. ఉక్కు కాలు పనిచేయదని కాదు. కాకినాడ, భీమిలి లాంటి సముద్రపుగాలి ఊళ్లలో కత్తిరించిన చివర తుప్పు పడుతుంది, అంతే.

మరో చిన్న సంగతి, దీని గురించి ఎవరూ చెప్పరు. రెసిస్టర్లు కాగితపు టేపు మీద అంటించి వస్తాయి. పిల్లలు వాటిని లాగి పీకుతారు. కాలి చివర టేపు జిగురు మిగిలిపోతుంది. ఆ జిగురుతోనే బ్రెడ్‌బోర్డు రంధ్రంలోకి దూరిస్తే లోపలి స్ప్రింగుకు అంటుకుని, ఆ రంధ్రం ఇక సరిగా పట్టదు. పీకవద్దు, టేపు అంచున కత్తెరతో కత్తిరించండి. అలాగే రెసిస్టర్ల కట్టకు రబ్బరు బ్యాండు చుట్టకండి, రబ్బరులోని గంధకం లోహాన్ని నల్లబరుస్తుంది.

ఒక వాటుకు మించిన రెసిస్టర్ల కాళ్లు 0.8 మిల్లీమీటర్లదాకా లావుంటాయి. వాటిని బ్రెడ్‌బోర్డులో బలవంతంగా దూరిస్తే స్ప్రింగులు విచ్చుకుపోతాయి, ఆ తరవాత సన్నకాళ్లు అక్కడ వదులుగా ఆడతాయి. మరి వీటిని ఎలా వాడాలి? కొయ్యపలక మీద బిగించి వాడాలి. నేను బడులకు అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్నది ఈ మాటే. అరచేయంత ప్లైవుడ్ ముక్క తీసుకోండి. రెండు చివరలా రెండు బనానా సాకెట్లు బిగించండి. వాటి మధ్య రెసిస్టర్‌ను సోల్డరింగ్ చేయండి, ఒళ్లు చెక్కకు ఆనకుండా చిటికెనవేలు దూరేంత ఎత్తులో ఉంచితే కిందనుంచి గాలి ఆడుతుంది. సాకెట్లు రెండూ ఒకే రంగువి, నల్లవే వాడండి. ఒకటి ఎరుపు, ఒకటి నలుపు పెడితే రెసిస్టర్‌కు కూడా ప్లస్సూ మైనస్సూ ఉంటాయని పిల్లలు అనుకుంటారు. పలక మీద మార్కర్‌తో విలువ, వాటేజ్, ఎన్ని వోల్టుల దాకా పెట్టొచ్చో రాయండి. రెసిస్టర్‌ను డబ్బాలో దాచొద్దు, కంటికి కనిపించాలి. పిల్లలకు తాము కొలుస్తున్న వస్తువు తెలియాలి.

ఇలా బిగించాక రెసిస్టర్ కాళ్లను ఇక ఎవరూ వంచరు. ఊడదీయడం, తగిలించడం అంతా సాకెట్ల దగ్గరే, అవి అరిగితే మార్చుకోవచ్చు. సాకెట్ల ఖరీదు రెసిస్టర్ కంటే ఎక్కువ, ఆ మాట నిజమే. అంత వీలుకాని బడి ఉంటే ఎలక్ట్రీషియన్లు వాడే స్క్రూ కనెక్టర్ పట్టీ ముక్క కోసి వాడుకోండి, పదిరూపాయల్లో పని అయిపోతుంది. తొమ్మిదో తరగతి పిల్లలచేతే ఈ పలకలు చేయించండి. సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం, అతుకు దగ్గర రెండు మూడు క్షణాలకు మించి వేడి తగలనివ్వకపోవడం వాళ్లకు అక్కడే అలవాటవుతుంది. తాము చేసిన పలకతో తమ్ముళ్లూ చెల్లెళ్లూ ప్రయోగం చేస్తారని తెలిస్తే ఎంత శ్రద్ధగా చేస్తారో చూడండి. అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉన్న బడులకు ఈ పనిముట్లన్నీ అందుబాటులో ఉంటాయి. అక్కడి రోబో కిట్లతో పాటు ఈ పనికీ నాలుగు పీరియడ్లు కేటాయించమని ఆ బడుల ప్రధానోపాధ్యాయులను కోరుతున్నాను.

పది ఓంలు, అయిదు ఓంలు లాంటి చిన్న విలువలు కావాలంటే తెల్లని సిమెంట్ ఒంటి వైర్‌వౌండ్ రెసిస్టర్ తీసుకోండి. అయిదు వాట్లు, పది వాట్లు దొరుకుతుంది, విలువ అంకెల్లోనే అచ్చువేసి ఉంటుంది. పక్కన జే అక్షరం ఉంటే అయిదు శాతం తేడా అని గుర్తు. లోపల పింగాణీ మీద చుట్టిన నిరోధపు తీగ ఉంటుంది, చాలా మొండిది. అయితే పది ఓంలకు ఆరు వోల్టులు పెడితే 3.6 వాట్లు, అయిదు వాట్ల రెసిస్టర్ దెబ్బతినదు గానీ చేయి కాలుతుంది. పది వాట్లదే కొనండి, సెల్లులు రెండుకు మించనివ్వకండి. ఇంకొక్క మాట. ఎంత పెద్ద రెసిస్టర్ అయినా, ఎంత మొండిదైనా, గోడలోని 230 వోల్టుల ప్లగ్గుకు ఎట్టి పరిస్థితిలోనూ కలపకూడదు. పిల్లల పాఠం బ్యాటరీ దగ్గరే ఆగాలి.

కొనడానికి హైదరాబాదులో ఉన్నవాళ్లకు కోఠి గుజరాతీ గల్లీ తెలిసిందే. ఎక్కడ కొన్నా మల్టీమీటరు వెంట తీసుకెళ్లండి. కట్టలోంచి పది తీసి కొలవండి. కొలిచేముందు మీటరు తీగలు రెండూ తాకించి ఎంత చూపుతుందో చూసి, ఆ విలువ తీసేయండి. ఎక్కువ ఓంలవి కొలిచేటప్పుడు రెండు కొసలనూ రెండు చేతుల వేళ్లతో పట్టుకోకూడదు, మన ఒంటి నిరోధం కూడా పక్కన చేరి విలువ తగ్గించి చూపిస్తుంది. ఒక శాతం అని చెప్పి అమ్మిన వంద ఓంలవాటిలో పదింటికి పదీ 99కీ 101కీ మధ్య ఉండాలి. ఒక్కటి బయట ఉన్నా ఆ కట్ట వద్దు. కొట్టువాడు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

ఇప్పుడు ఇందాక వాయిదావేసిన మాట. ఇంత జాగ్రత్తపడ్డా 15, 30, 45, 60 అని సరిగ్గా రాదు. సెల్లుకు కొంచెం సొంత నిరోధం ఉంటుంది. మీటరు తన వంతు తాను తీసుకుంటుంది. రెసిస్టరే 99.4 ఉండొచ్చు. కానీ ఈ తేడాలు ఒక క్రమంలో ఉంటాయి. కొత్త సెల్లుతో ఒకలా, పాత సెల్లుతో ఒకలా వస్తాయి, మళ్లీ చేస్తే మళ్లీ అలాగే వస్తాయి. అలాంటి తేడాను పిల్లవాడు చెరపనక్కర్లేదు, వివరించొచ్చు. 58 వచ్చిందంటే 58 అని రాసి, ఎందుకు తగ్గిందో పక్కన రెండు ముక్కలు రాస్తే ఆ రెండు ముక్కలకే మార్కులు ఎక్కువ వేయండి. రికార్డు దిద్దే అయ్యవార్లకూ అమ్మలకూ నా విన్నపం ఇదొక్కటే. మూడో గడిలో అన్నీ ఒకటే అంకె ఉన్న పేజీ కనిపిస్తే ఆ పిల్లను పిలిచి, మందలించకుండా, నీకు నిజంగా ఏమొచ్చిందమ్మా అని అడగండి.

బీరువాలో పాత రెసిస్టర్ల డబ్బా ఉంటే పారేయకండి. ఒక పూట పిల్లల్ని కూర్చోబెట్టి ఒక్కొక్కటీ కొలిపించి, రంగులు చెప్పే విలువనూ మీటరు చెప్పే విలువనూ పక్కపక్కన రాయించండి. హద్దులో ఉన్నవి దాచుకోండి. హద్దు దాటినవాటిని కొన్ని ఏరి, పై రంగును బ్లేడుతో మీరే నెమ్మదిగా గీకి, భూతద్దం కింద పెట్టండి. పింగాణీ కడ్డీ మీద పలచటి పొర, ఆ పొరను స్క్రూ మరలా చుట్టూ కోసుకుంటూ పోయిన గాడి కనిపిస్తాయి. ఆ గాడివల్లే కరెంటు తిన్నగా పోకుండా చుట్లు చుట్టి, పొడవాటి సన్నని దారిలో వెళ్లాల్సివస్తుంది, నిరోధం పెరుగుతుంది. తీగ పొడవు పెరిగితే నిరోధం పెరుగుతుందని పుస్తకంలో చదివిన సంగతి గింజంత వస్తువు మీద కళ్లముందు ఉంటుంది. కాలిపోయినదాంట్లో ఆ దారి ఎక్కడ తెగిందో వెతకమనండి. చాలావాటిలో నల్లటి మచ్చ ఒకే చుట్టు మీద ఉంటుంది. ఆ చుట్టే ముందు ఎందుకు కాలిందో వాళ్లనే చెప్పనివ్వండి.